మాస్టారి ల్యాప్‌టాప్, ఇడ్లీ పళ్లెం

“మాస్టారూ, దీని పని అయిపోయిందండీ. ఇంక దీని మీద రూపాయి పెట్టినా దండగే. కూర్చోండి, కొత్తదానికి కొటేషన్ రాసిస్తాను.”

2025 మే నెలలో ఒక షాపతను మా నాన్నతో అన్న మాట ఇది. ల్యాప్‌టాప్ ఆన్ చేశాడట, రెండు నిమిషాలు చూశాడట, తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటే పెదవి విరిచాడట. పరీక్ష అంతే. కొటేషన్ 46,000 రూపాయలు. నాన్న ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, ఎండలో నడుచుకుంటూ తెనాలిలోని నా డీటీపీ షాపుకు వచ్చేశారు.

నేనప్పుడు వైశాఖం పెళ్లిళ్ల హడావిడిలో ఉన్నాను. పెళ్లికూతురి మేనమామ నా కుర్చీ వెనకాలే నిలబడి శుభలేఖలో తన పేరు రెండో వరసలోకి ఎందుకు దిగిందో అడుగుతున్నాడు. నాన్న కాసేపు బెంచీ మీద కూర్చుని, ఆయన వెళ్లాక ఆ కాగితం తీసి నా కీబోర్డు మీద పెట్టారు. “నీ మాటేంటమ్మాయ్?”

చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. 46,000 అంటే ఆయన పెన్షన్లో ఎంతో నాకు తెలుసు. కానీ ఆ షాపతను చెప్పింది అబద్ధమని కూడా అప్పటికప్పుడు అనలేను కదా. “సాయంత్రం ఇంటికొచ్చి చూస్తాను, ఈలోగా దాన్ని ఇంకెవరికీ చూపించకండి” అన్నాను.

నేను కంప్యూటర్ ఇంజనీర్ని కాను. బీఏ అయ్యాక పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము నేర్చుకుని ఇరవై రెండేళ్లుగా అక్షరాలు కూర్చుకుంటూ బతుకుతున్నాను. షాపులో ఉన్న రెండు కంప్యూటర్లకూ డాక్టరూ నేనే, ఆయానూ నేనే. మెకానిక్‌ని పిలిస్తే మూడో రోజు వస్తాడు, శుభలేఖ రెండో రోజే కావాలి. అలా నేర్చుకున్న విద్య ఇది.

ఆ సాయంత్రం మొదట చేసిన పని టైం చూడటం. ల్యాప్‌టాప్ బటన్ నొక్కి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాను. వంటింట్లో అమ్మ కుక్కర్లో పప్పు పెట్టింది. కుక్కర్ మూడు విజిల్స్ వేసి దిగిపోయింది. నాన్న ఫైలు తెరుచుకుని, అందులో ఒక అక్షరం కొట్టగలిగేసరికి ఆరు నిమిషాల నలభై సెకన్లు. నాన్నకిది కొత్త కాదు. పొద్దున్నే బటన్ నొక్కి సంధ్యావందనానికి కూర్చునేవారట, లేచేసరికి సిద్ధంగా ఉండేదట. మనిషి యంత్రానికి ఎంతగా సర్దుకుపోతాడో చూడండి.

“స్లో అయిపోయింది” అనేది రోగం పేరు కాదు. “ఒంట్లో బాలేదు” అన్నట్టే అది. ఎక్కడ బాలేదో చూడాలి, దానికి విండోస్‌లోనే థర్మామీటర్ ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న కిటికీలాగా వస్తే కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కాలి. పైన వరసగా సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అని శాతాలు కనిపిస్తాయి. ఆ నాలుగింటిలో ఏది నిండిపోయి ఎర్రబడిందో అక్కడే అడ్డం పడుతున్నట్టు.

నాన్న ల్యాప్‌టాప్‌లో సీపీయూ 9 శాతం. అంటే ఆ షాపతను చచ్చిపోయిందన్న యంత్రానికి మెదడు ఖాళీగా గోళ్లు గిల్లుకుంటోంది. మెమరీ 81 శాతం, అది కొంచెం ఇబ్బందే. డిస్క్ మాత్రం 100 శాతం. ఏ ప్రోగ్రామూ తెరవకుండానే 100. ఇంకా తమాషా ఏమిటంటే అంత కష్టపడుతున్న డిస్కు సెకనుకు తెచ్చిస్తున్నది ఒకటిన్నర ఎంబీ కూడా లేదు.

దీనికి కారణం ఉంది. 2018లో కొన్న ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్. నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకు 90. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క దాన్ని చదివే తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, పైగా ఆ తల సరైన వరసకు జరగడానికి ఇంకో పది మిల్లీసెకన్లు. ఇవన్నీ కలిపితే సెకనుకు ఇటూ అటూ చెదిరి ఉన్న చిన్న ముక్కలు అరవై, డెబ్బై తేగలదు, అంతే. ఒక్క పెద్ద సినిమా ఫైలు కాపీ చేయమనండి, బ్రహ్మాండంగా చేస్తుంది, సెకనుకు వంద ఎంబీ లాగుతుంది. కానీ విండోస్ ఆన్ అవ్వాలంటే వేల కొద్దీ చిన్న ఫైళ్లు కావాలి. తాలూకా ఆఫీసు రికార్డు రూములో ఒక్క అటెండరు ఉండి, ఒక్కో కాగితానికీ నిచ్చెనెక్కి దిగుతున్నాడనుకోండి. బయట ఆఫీసరు ఎంత తెలివైనవాడైతే ఏం లాభం? దీని బదులు ఇప్పుడు వేసే ఎస్‌ఎస్‌డీ అనే చిప్పుల డిస్కులో తిరిగే చక్రమూ లేదు, జరిగే తలా లేదు. అదే పని సెకనుకు వేలల్లో, పదివేలల్లో చేస్తుంది.

ఈ మధ్యలో ఒక మాట. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి పదిసార్లు రిఫ్రెష్ కొడితే కంప్యూటర్ చురుగ్గా అవుతుందని మన వాళ్లందరికీ ఒక నమ్మకం. నా షాపుకొచ్చే కుర్రాళ్లు ఇప్పటికీ కూర్చోగానే చేసే మొదటి పని అదే. ఆ బటన్ తెర మీది బొమ్మల్ని మళ్లీ ఒకసారి గీస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. ‘మీ పీసీని శుభ్రం చేస్తాం’ అంటూ వచ్చే ఉచిత ప్రోగ్రాములు దానికన్నా అన్యాయం. నాన్న దాంట్లో అలాంటివి రెండు ఉన్నాయి. రెండూ ఆన్ కాగానే డిస్కు మీద పడి వెతుకుతున్నాయి. శుభ్రం చేసే పనిమనుషులే గుమ్మంలో అడ్డంగా నిలబడ్డట్టు. ముందు వాటిని తీసేశాను.

డిస్కు మార్చాలని తేలింది కాబట్టి వెంటనే స్క్రూ డ్రైవర్ పట్టుకోవాలనిపిస్తుంది. ఆగాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల్ని అది చదివి చూపిస్తుంది. నీలం రంగు వస్తే బాగుందని, పసుపు వస్తే జాగ్రత్త అని, ఎరుపు వస్తే దండం పెట్టేయమని. నాన్నది పసుపు వచ్చింది. పాడైన చోట్లని వదిలేసి డిస్కు వేరే చోటికి సర్దుకున్న లెక్క 40 దాటింది. పళ్లు ఊడటం మొదలైందన్నమాట. అలాంటప్పుడు మొత్తం డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానికి క్లోన్ చేయబోతే మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. దానికున్న కాస్త ఓపికనూ అక్కర్లేని ఫైళ్ల మీద ఖర్చు పెట్టించకూడదు.

మళ్లీ సంపాదించలేనివి ముందు, దొరికేవి తర్వాత, ఆ వరసలోనే కాపీ చేయాలి. కొత్త 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు తెచ్చి (తగిలిస్తే 931 జీబీ అనే చూపిస్తుంది, మోసమేమీ కాదు, తయారీదారు వెయ్యి లెక్కన లెక్కేస్తాడు, విండోస్ 1024 లెక్కన లెక్కేస్తుంది) ముందు నాన్న రాతలు ఎక్కించాను. తెలుగు పండితుడిగా రిటైరయ్యాక పదహారేళ్లుగా రాసుకున్న పద్యాలు, పాఠాలు, మా వంశవృక్షం. అన్నీ కలిపి 38 ఎంబీ. నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాలూ నా టెన్షన్ అంతా ఇంతా కాదు. తర్వాత ఫోటోలు, 61 జీబీ. అవి రాత్రంతా పట్టాయి. పొద్దున లేచి చూస్తే మా మేనల్లుడి బారసాల ఫోటోలు పదకొండు చదవలేకపోయానని డిస్కు చేతులెత్తేసింది. అలాంటిచోట ‘స్కిప్’ నొక్కి ముందుకు పోవాలి, అక్కడే పట్టుబట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే మిగతావీ పోతాయి. ఆ పదకొండూ తర్వాత తమ్ముడి ఫోన్లో దొరికాయి. సినిమాల జోలికి వెళ్లనే లేదు. వైరస్ భయం లేకుండా అవి ఇప్పుడు ఎక్కడైనా చూసుకోవచ్చు.

నాన్న ఫైళ్లు కొత్త డిస్కులోకి వచ్చాయి గానీ వాటిలో ఇంకో చిక్కు దాక్కుని ఉంది. ఇది డీటీపీ వాళ్లకు బాగా తెలిసిన చిక్కు, ఇంట్లో వాడుకునేవాళ్లకు తెలియదు. 2009 నుంచి 2015 దాకా ఆయన రాసినవన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి, నేనే నేర్పించాను అప్పట్లో. ఆ పాత పద్ధతిలో ఫైలు లోపల ఉండేది నిజానికి తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన గడుల్లో మన తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వొత్తు ఇంకోచోట బొమ్మలుగా కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో చూస్తే ముత్యాల్లాంటి తెలుగు. ఫాంటు లేనిచోట, ఫోన్లోనో వేరే ల్యాప్‌టాప్‌లోనో తెరిస్తే, పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంటుంది. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి పెట్టిన యూనికోడ్ పద్ధతిలో అలా కాదు. 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే తెలుగుకు సొంతంగా 128 గడుల వాడ ఉంది. ‘క’ అంటే ఎక్కడైనా ‘క’నే, ఏ ఫాంటు వేసినా.

మీ ఇంట్లో కూడా పాత శుభలేఖో, తాతగారి జ్ఞాపకాలో, ఊరి గుడి చరిత్రో ఇలా అను ఫైలుగా ఉంటే, దాన్ని తెరవగలిగే కంప్యూటర్ ఉండగానే మార్చి పెట్టుకోండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వర్డ్ ఫైలైతే అక్షరాలు కాపీ చేసి అందులో వేస్తే చాలు. పేజ్‌మేకర్ ఫైలైతే ముందు అందులోంచి టెక్స్ట్ బయటికి తీసుకోవాలి, ఆ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, కొత్త విండోస్ మీద దాన్ని నడపడమే ఒక వ్రతం. మార్చాక ఒకసారి ప్రూఫు చూడక తప్పదు. నాన్న ఫైళ్లలో రెండు వొత్తులు పడ్డచోట వరస తారుమారైంది, కొటేషన్ గుర్తులు కొన్ని వింత అక్షరాలయ్యాయి. ‘స్వాతంత్ర్యం’ అన్న మాట దాదాపు ప్రతిచోటా విరిగింది. పద్యాలు కాబట్టి తప్పు ఎక్కడుందో నాన్నకు చదవగానే తెలిసిపోయేది. గణం తప్పేది కదా! రోజుకు పది పేజీల చొప్పున ఎర్ర పెన్నుతో దిద్దించారు నాతో. పదో తరగతి మళ్లీ చదివినట్టయింది.

ఇక విడిభాగాలు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు సికింద్రాబాదు ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొని బస్సులో పంపాడు. రెండున్నర అంగుళాల 480 జీబీ ఎస్‌ఎస్‌డీ (శాటా అనే కనెక్షన్ రకం) 2,650, మెమరీ పెంచడానికి 4 జీబీ ర్యామ్ 1,250, ఎక్స్‌టర్నల్ డిస్కు 4,600. మొత్తం 8,500 రూపాయలు. తర్వాత ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి, ఆ రేటు మనసులో పెట్టుకుని వెళ్తే షాపువాడితో గొడవే. కొనేముందు మోడల్ నంబరు చూపించి రెండు విషయాలు ఖాయం చేసుకోవాలి. లోపల ర్యామ్‌కు ఖాళీ స్లాట్ ఉందా, ఉంటే అది పాత రకం డీడీఆర్3నా, తర్వాతి రకం 4నా? డిస్కు పెట్టేచోట రెండున్నర అంగుళాలదా, ఎం.2 అనే చూయింగ్ గమ్ పుల్లలాంటిదా? ఎం.2లో కూడా కనెక్షన్ రకాలు రెండు, శాటా వేరు, ఎన్‌వీఎంఈ వేరు, చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ ఒకదాని చోట ఇంకొకటి పనిచేయకపోవచ్చు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో దుప్పటి పరిచాను. అమ్మ ఇడ్లీ పళ్లెం ఒకటి అడిగి తీసుకున్నాను. దీన్ని నేను కనిపెట్టానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ల్యాప్‌టాప్ స్క్రూలు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అది లోపలి బోర్డులోకి దిగిపోవచ్చు. ఇడ్లీ పళ్లెంలో గుంటలు నాలుగు. పై వరస స్క్రూలు ఒక గుంటలో, మధ్యవి ఒకదాంట్లో, కిందివి ఒకదాంట్లో, లోపల విప్పినవి నాలుగోదాంట్లో. విప్పేముందు ఫోన్తో ఒక ఫోటో. “ఆ పళ్లెం మళ్లీ నేను పొయ్యి మీద పెట్టను” అని అమ్మ ప్రకటించింది. ఆ తర్వాతి ఆదివారం పెట్టిందనుకోండి.

కనిపించే స్క్రూలు పది తీశాను. మూత రాలేదు. ఇక్కడే చాలామంది బలంగా లాగి విరగ్గొడతారు. రాకపోతే ఇంకా ఎక్కడో స్క్రూ ఉన్నట్టే. కింద ఉండే రబ్బరు పాదాల వెనక రెండు దాక్కుని ఉన్నాయి. అవి తీశాక గడువైపోయిన ఏటీఎం కార్డును అంచులో దూర్చి నెమ్మదిగా చుట్టూ జరిపితే టిక్ టిక్ మంటూ క్లిప్పులు వదిలాయి. లోపల మొదట ముట్టుకోవలసింది బ్యాటరీ వైరు. దాన్ని విప్పి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, మిగిలిన కరెంటు వదిలించాకే ఇంకేదైనా. మన చేతిలోని స్టాటిక్ పోవడానికి ముందుగా కిటికీ ఊచను పట్టుకున్నాను.

ఫ్యాను చూసి నాన్న నిజంగానే బాధపడ్డారు. గాలి బయటికి పోయే ఇత్తడి రంగు రెక్కల మీద దుమ్ము పేరుకుని, పరుపులోని దూదిలా ఒక మందపాటి పట్టీ కట్టింది. పట్టకారుతో పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చింది. ఆయన ల్యాప్‌టాప్‌ను మంచం మీద, బొంత మీద పెట్టుకుని రాసుకునేవారు. గాలి పీల్చుకునే చిల్లులు కింద ఉంటాయి, బొంత వాటిని మూసేస్తుంది. ఫ్యాన్ని వేలితో తిరక్కుండా పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులిపాను.

పాత డిస్కు దాని రేకు తొడుగుతో సహా బయటికి వచ్చింది. తొడుగు విప్పి ఎస్‌ఎస్‌డీకి వేసి అక్కడే పెట్టాను. తూకం తేడా చేతికే తెలుస్తుంది, పాతది రాయిలా ఉంది, కొత్తది ఖాళీ అగ్గిపెట్టెలా ఉంది. ర్యామ్‌ను ఏటవాలుగా స్లాట్‌లోకి తోసి కిందికి వంచితే రెండు పక్కలా కొక్కేలు టక్కుమని పట్టుకున్నాయి. ఆ శబ్దం రాకపోతే సరిగ్గా కూర్చోనట్టు. మొత్తం గంటన్నర. ఇందులో ఇరవై నిమిషాలు దుప్పటి మీద పడిపోయిన ఒక పొట్టి స్క్రూ కోసం వెతకడం.

విండోస్ 10నే మళ్లీ కొత్తగా ఎక్కించాను. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన లైసెన్సు బోర్డులోనే ఉంటుంది కాబట్టి కీ ఏమీ అడగలేదు. స్టాప్‌వాచ్ మళ్లీ పెట్టాం. నాన్న పద్యం ఫైల్లో అక్షరం పడేసరికి 34 సెకన్లు.

“అబద్ధం, ఇది ముందే ఆన్ చేసి ఉంచావు” అన్నారాయన. ఆపి, మళ్లీ ఆయన చేతే నొక్కించాల్సి వచ్చింది.

అదే వారంలో ఆయన అడిగారు, “నెట్ కూడా ఇలాగే స్లో కదా, దానికీ ఏదన్నా మార్చాలా?” అని. అక్కడా అదే పద్ధతి. నెట్ స్లో అని కంపెనీకి ఫోన్ చేసేముందు రౌటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. నాన్న వాళ్లింట్లో 100 ఎంబీపీఎస్ ప్లానుకు రౌటర్ దగ్గర 94 వచ్చింది, పడగ్గదిలో 6. అంటే కంపెనీ ఇస్తూనే ఉంది, ఇల్లే మింగేస్తోంది. రౌటర్ ఎక్కడుందంటే టీవీ వెనక, ఇనప బీరువాకు ఆనుకుని, నేల మీద. కేబులతన్ని పిలిచి హాలు గుమ్మం పైన అలమరాలోకి మార్పించాను. ఫైబర్ వైరును మీరే లాగి మెలిపెట్టకండి, లోపల ఉండేది గాజు. పడగ్గదిలో ఫోన్‌ను రౌటర్ ఇచ్చే రెండు వైఫై పేర్లలో 2.4 గిగాహెర్ట్జ్ దానికి కలిపాను, గోడలు దాటడంలో అది 5 కన్నా నయం. హాల్లో టీవీకి 5 మేలు. ఇప్పుడు పడగ్గదిలో 38 వస్తోంది. రౌటర్ మీద ఎల్‌ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగితే మాత్రం ఆపి ఆన్ చేయడం వృథా, ఫైబర్‌లోంచి వెలుగు సంకేతం రావడం లేదన్నమాట, ఫోన్ చేయండి. కరెంటు పోతే నెట్ పోకుండా చిన్న డీసీ యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందా, ఎన్ని ఆంపియర్లు అన్నది చదువుకుని వెళ్లండి.

అమ్మ ఫోన్ సంగతి రెండు ముక్కల్లో. ‘స్టోరేజ్ ఫుల్’ అని గోల. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ చూస్తే ఒక్క ‘మన కుటుంబం’ గ్రూపే 11 జీబీ మింగింది. శుభోదయాలు, శుభరాత్రులు, కార్తీక సోమవారాలు. తీసేసి, ఆటో డౌన్‌లోడ్ ఆపేశాను. గ్రూపులోంచి బయటికి రమ్మని మాత్రం చెప్పలేదు, నాకు ఆ ఇంట్లో భోజనం కావాలి.

అక్టోబరులో ఇంకో ఘట్టం వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. నాన్న ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఏడో తరం ఐ3 ప్రాసెసర్. విండోస్ 11కు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, నాన్న యంత్రం మీద అలాంటి సాహసాలు నాకు ఇష్టం లేదు. 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకంలో చేరొచ్చు, చాలామందికి నేను చెప్పేది అదే. కానీ నాన్న చేసేది తెలుగు టైపింగ్, పేపరు చదవడం, యూట్యూబ్‌లో అవధానాలు చూడటం. ఈ మూడింటికీ విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్ చాలు, డబ్బు కట్టక్కర్లేదు. మే నెలలోనే వేసేయొచ్చుగా అంటారేమో. పెద్దవాళ్ల దగ్గర ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. ఏదన్నా తేడా వస్తే దేన్ని తిట్టాలో వాళ్లకు తెలియదు, చివరికి మనల్నే తిడతారు.

మింట్‌లో ఆయనకు తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు వరస నేర్పించాను. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి ఉంటాయి. డి నొక్కితే పొల్లు. ‘అమ్మ’ అనాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. పండితుడికి ఇది మహా నచ్చింది. “ఇది వ్యాకరణం తెలిసినవాడు పెట్టిన కీబోర్డు” అన్నారు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న అన్నీ దింపి ఇచ్చాను. తెనాలి రామకృష్ణ కూడా ఉంది. ఊరి అభిమానంతో తను రాసిన శతకం మొత్తం అందులోనే పెడతానని పట్టుబట్టారు. అది శీర్షికలకు బాగుంటుంది గానీ చిన్న అక్షరాల్లో కళ్లు లాగుతాయని వృత్తిధర్మంగా నేను పోట్లాడి, లోపలి పద్యాలకు మండలి ఫాంటు ఒప్పించాను.

పాత డిస్కు ఏమైందని అడుగుతారేమో. బీరువాలో అమ్మ పట్టుచీరల మధ్య ఉంది, ‘పాడైంది, నమ్మవద్దు’ అని స్టిక్కరుతో. పాత సామాన్లవాడికి అలాగే ఇచ్చేయకూడదు. డిలీట్ చేసినవి కూడా అందులోంచి తీయగలిగేవాళ్లుంటారు, నాన్న పాన్ కార్డు, బ్యాంకు కాగితాలు అన్నీ స్కాన్ చేసి అందులోనే పెట్టారు. తీరిక దొరికిన రోజు విప్పి, లోపలి పళ్లేల మీద సుత్తితో నాలుగు వేయాలి. శతకం కాపీ ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, తమ్ముడి దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నా షాపులో ఒకటి ఉంది. ప్రతి పున్నమికీ కొత్తవి ఎక్కించమని ఆయన క్యాలెండర్లోనే రాసిపెట్టాను. తిథి చెబితే మర్చిపోరు, తారీఖు చెబితే మర్చిపోతారు.

మొన్న షాపులో రద్దీగా ఉన్నప్పుడు ఫోన్ చేశారు. తీయగానే, “అమ్మాయ్, దీంట్లో బండి ‘ఱ’ లేదే! ‘చెఱువు’ ఎలా రాయను?”

“ర కొట్టే మీట మీదే షిఫ్ట్ పెట్టి కొట్టండి నాన్నా.”

అవతల టప్‌మని ఒక్క శబ్దం. కాసేపు మాటల్లేవు.

“ఉంది” అన్నారు, పెట్టేశారు.